మాడిఫై చేసిన టర్బో కారు అమ్మడం: వెనక్కి మార్చండి, కానీ దాచకండి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. మే నెలలో డాలస్‌లో ఎంఎస్ పూర్తయింది, ఆగస్టులో శాన్‌హోసేలో ఉద్యోగంలో చేరాలి. చేతిలో 2018 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఉంది. మాన్యువల్ గేర్లు, 71,000 మైళ్లు తిరిగింది. కాబ్ యాక్సెస్‌పోర్ట్ (ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్చే పరికరం) తో స్టేజ్ 2 ట్యూన్ (శక్తి పెంచేలా ఆ ప్రోగ్రాంను మార్చడం), డౌన్‌పైప్ (టర్బో తర్వాతి పొగ గొట్టం), ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి తెచ్చే గొట్టం), వెనక ఎగ్జాస్ట్, కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల సస్పెన్షన్), గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వ్, కొత్త చక్రాలు అన్నీ కలిపి 6,500 డాలర్లు పెట్టారు. బ్యాంకు అప్పు ఇంకా 9,000 ఉంది. 24,500కు ప్రకటన ఇచ్చి మూడు వారాలైంది. వచ్చినవాళ్లలో సగం మంది ఒక రౌండు తిప్పుతారా అని అడిగిన కుర్రాళ్లు, మిగతావాళ్లు 14,000కు ఇస్తారా అన్నవాళ్లు. డీలర్ 15,000 అన్నాడు. పాత డౌన్‌పైప్, ఎయిర్ బాక్స్, మఫ్లర్, చక్రాలు దాచి ఉంచారు, పాత సస్పెన్షన్ స్ట్రట్లు మాత్రం స్నేహితుడికి ఇచ్చేశారు. అన్నీ విప్పేసి అమ్మాలా, ఉన్నదున్నట్టుగా అమ్మాలా అన్నది మీ ప్రశ్న.

విప్పేయండి. కారును స్టాక్‌కు (కంపెనీ ఇచ్చిన రూపానికి) తెచ్చి, భాగాలు విడిగా అమ్మండి. కానీ ఇది ఒకప్పుడు స్టేజ్ 2 కారు అన్న సంగతిని ప్రకటన మొదట్లోనే రాయండి. మొదటి సగం అందరూ చెబుతారు. రెండో సగం వదిలేయడం వల్లే బేరాలు చివరి నిమిషంలో చెడుతుంటాయి.

నేను చాలా ఏళ్లుగా సుబారులు నడుపుతున్నాను. పని చాలావరకు నా గ్యారేజీలో నేనే చేసుకుంటాను. ఈ చుట్టుపక్కల మన విద్యార్థులెవరైనా పాత టర్బో కారు కొనబోతూ ఒకసారి వచ్చి చూడమంటే వెళ్తుంటాను. అంటే, మీ కారు చూడటానికి వచ్చినవాడి పక్కన నోరు మెదపకుండా నిలబడి, నేల మీదికి వంగి చూసే మనిషిని నేనే అనుకోండి. అటువైపు నుంచి మీ కారు ఎలా కనిపిస్తుందో చెబుతాను.

ప్రకటనలో ‘స్టేజ్ 2’ అని చూడగానే మీకు గుర్తొచ్చేది వేగం. నాకు గుర్తొచ్చేది ఇంజిన్ లోపలి బేరింగులు, పిస్టన్ రింగులు. 2015 నుంచి 2021 వరకు వచ్చిన డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో ఉన్నది ఎఫ్‌ఏ20డీఐటీ, రెండు లీటర్ల డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజిన్. కంపెనీ ఇచ్చిన శక్తి 268 హార్స్‌పవర్. ఆ స్థితిలో అది గట్టి ఇంజినే. ట్యూన్ చేసినంత మాత్రాన చెడిపోదు కూడా. అయితే ట్యూన్ ఎవరు చేశారు, దానికి తగిన పెట్రోలే పోశారా, ఆయిల్ వేడెక్కక ముందే తొక్కారా, ఆరో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా అదిమేవారా అన్న ప్రశ్నలకు జవాబు కారు మీద ఎక్కడా రాసి ఉండదు. తక్కువ వేగంలో ఎక్కువ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) అడిగితే ఇలాంటి ఇంజిన్లలో మిశ్రమం స్పార్కు కంటే ముందే అంటుకునే ప్రమాదం ఉంది. అది ఒక్కసారి గట్టిగా జరిగినా పిస్టన్ పగలవచ్చు. జవాబు తెలియనప్పుడు కొనేవాడు చెడునే ఊహించుకుంటాడు, ఆ ఊహకు తగినట్టే ధర తగ్గిస్తాడు. మీకు 14,000 చెప్పినవాళ్లంతా దగాకోరులు కారు. కొందరు ఇంజిన్ పోతే అయ్యే ఖర్చును ముందే మినహాయించుకున్నవాళ్లు.

ఇక మీ 6,500 సంగతి. పాత నగ అమ్మబోతే కంసాలి బంగారానికి వెల కడతాడు కానీ మీరిచ్చిన మజూరీకి కాదు కదా. ఇక్కడా అంతే. దీని వెనక కేవలం అభిరుచుల తేడానే కాదు, ఒక గట్టి ఆర్థిక కారణం ఉంది. 20,000 దరిదాపుల్లో కారు కొనేవాళ్లలో ఎక్కువమంది బ్యాంకులోనో క్రెడిట్ యూనియన్‌లోనో అప్పు తీసుకుంటారు. అప్పిచ్చేవాళ్లు వాహనం సంవత్సరం, మైలేజీ, మోడల్ చూసి ధరల పుస్తకం ప్రకారం విలువ లెక్కిస్తారు. కాయిలోవర్లకు, డౌన్‌పైప్‌కు ఆ పుస్తకంలో గడి లేదు. అంటే మీరడిగే అదనపు నాలుగైదు వేలు కొనేవాడు జేబులోంచి నగదుగా పెట్టాలి. అంత నగదు ఉన్నవాడు ఇంకో రెండు మూడు వేలు కలుపుకొని తక్కువ మైళ్లు తిరిగిన కారు వైపో, 2022లో వచ్చిన 2.4 లీటర్ల కొత్త తరం వైపో చూస్తాడు. మీ మార్పులను నిజంగా ఇష్టపడే ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర డబ్బు ఉండదు. ఆ వయసుకు ఈ కారు ఇన్సూరెన్స్ ఎంతవుతుందో కనుక్కున్నాక అతను మళ్లీ ఫోను చేయడు. డబ్బున్నవాడికి ఇష్టం లేదు, ఇష్టమున్నవాడికి డబ్బు లేదు. మీ మూడు వారాల కథ ఇదే.

ఇంకొక మాట. ప్రకటనల్లో ఎస్‌టీఐల (డబ్ల్యూఆర్‌ఎక్స్‌కు ఇంకా శక్తిమంతమైన రూపం) ధరలు చూసి మీ కారుకు వెల కట్టారేమోనని నాకు అనుమానం. ఎస్‌టీఐ వేరే కారు. దాని ఇంజిన్ 2.5 లీటర్ల పాత ఈజే రకం. అది 2021తో ఆగిపోయింది కాబట్టి దాని కోసం వెతికేవాళ్లు వేరు. రెంటికీ పోలిక పెట్టకండి.

డీలర్ 15,000 అనడానికి అసలు కారణం మరొకటి. ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం కారుకు కంపెనీ బిగించిన ఉద్గార నియంత్రణ పరికరాలను తెలిసి తీసేయడం, పనిచేయకుండా చేయడం చట్టవిరుద్ధం. కంపెనీ క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే భాగం, పొట్టిగా క్యాట్) మీ పాత డౌన్‌పైప్‌లోనే ఉంది. దాన్ని తీసి వేరేది పెట్టారంటే ఆ నిబంధన కిందికి వచ్చినట్టే. ‘హై ఫ్లో క్యాట్ ఉంది కదా’ అన్న వాదన ఇక్కడ నిలవదు. ఆ విడి భాగానికి అనుమతి ఉంటే తప్ప అది కంపెనీ దానికి సమానం కాదు. టెక్సస్ పర్యావరణ నిబంధనలు కూడా ఇలా మార్చిన వాహనాన్ని అమ్మకానికి పెట్టడాన్ని ఒప్పుకోవు. మామూలు మనిషి ఇంటి ముందు అమ్ముకుంటే ఎవరూ వచ్చి పట్టుకోరని మీరనవచ్చు. నిజమే కావచ్చు. కానీ లైసెన్సు ఉన్న డీలర్ ఆ సాహసం చేయడు. వెనక్కి మార్చే ఖర్చు, తలనొప్పి రెండూ మీ ధరలోంచే తీసేసుకుంటాడు. ఈ విషయంలో ప్రభుత్వం కొన్నేళ్లపాటు గట్టిగానే వ్యవహరించింది. యాక్సెస్‌పోర్ట్ తయారుచేసే కాబ్ సంస్థే 2024లో ఫెడరల్ ప్రభుత్వంతో రాజీ కుదుర్చుకొని జరిమానా కట్టడానికి ఒప్పుకుంది.

‘ప్రతి ఏడూ ఎమిషన్ టెస్టు పాసవుతూనే ఉంది’ అని రాశారు. 2025 జనవరి నుంచి టెక్సస్‌లో సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేశారు కానీ, డాలస్, కాలిన్, డెంటన్, టారంట్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్టు ఇంకా ఉంది. ఆ టెస్టులో మీ తరం కారుకు చేసేది కంప్యూటర్‌ను అడిగి తెలుసుకోవడమే. ఒక మానిటర్ (కారు కంప్యూటర్ తనకు తానే చేసుకునే పరీక్ష) సిద్ధంగా లేకపోయినా పాస్ చేస్తారు. ట్యూన్‌లో క్యాటలిస్ట్ కోడ్ (ఆ కన్వర్టర్ లోపాన్ని చెప్పే సంకేతం) నోరు మూయించి ఉంటే టెస్టు గడిచిపోవచ్చు. పాసైంది అంటే చట్టప్రకారం ఉన్నట్టు కాదు. కొనేవాడికి ఆ పాస్ కాగితాన్ని రుజువుగా చూపించకండి.

ఇప్పుడు పని ఎలా మొదలుపెట్టాలో చెబుతాను. దయచేసి రెంచి పట్టుకోక ముందే ఈ పేరా చదవండి, ఎందుకంటే విప్పేశాక ఈ అవకాశం తిరిగి రాదు. యాక్సెస్‌పోర్ట్ కారులో ఉండగానే దాంతో లాగ్‌లు (నడుస్తున్న ఇంజిన్ సంఖ్యల రికార్డు) తీయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక మామూలు రోడ్డు మీద ఒకటి, ఖాళీగా ఉన్న చోట మూడో గేరులో పూర్తి యాక్సిలరేటర్‌తో ఒకటి. వేగ పరిమితి దాటాల్సిన పని లేదు, కావాలంటే డైనో (కారును ఒకచోటే నిలిపి నడిపి కొలిచే యంత్రం) ఉన్న షాపులో చేయించండి. అందులో మూడు సంఖ్యలు ముఖ్యం. మొదటిది డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్. అది 1 దగ్గర నిలబడి ఉండాలి. ఒకటి కంటే తగ్గిందంటే ఇంజిన్‌లో నాక్ (మిశ్రమం తప్పు సమయంలో అంటుకొని చేసే చప్పుడు) వినిపించి కంప్యూటర్ వెనక్కి తగ్గిందని అర్థం. రెండోది ఫీడ్‌బ్యాక్ నాక్ (నాక్ విని స్పార్కును అప్పటికప్పుడు ఎంత వెనక్కి జరిపిందో), మూడోది ఫైన్ నాక్ లెర్న్ (అలా జరపడాన్ని ఎంత గుర్తుపెట్టుకుందో). గేరు మార్చినప్పుడో, కాలు తీసినప్పుడో ఒకటి రెండు చిన్న మైనస్ సంఖ్యలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. పూర్తి బూస్ట్ మీద పదేపదే పెద్ద మైనస్‌లు వస్తుంటే మాత్రం ముందు కారణం తెలుసుకోవాలి. సెన్సర్ మురికి కావచ్చు, పాత ప్లగ్గులు కావచ్చు, నాసిరకం పెట్రోలు కావచ్చు. ఆ ఫైళ్లను తేదీతో దాచండి. నాలాంటివాడు ఎవరైనా కొనేవాడి తరఫున వస్తే, చక్రాల మెరుపు కంటే ఈ ఫైలే ఎక్కువ మాట్లాడుతుంది. ట్యూన్ చేసిన కారు అమ్మేవాళ్లలో దీన్ని చూపించేవాళ్లు చాలా అరుదు. ఎందుకు చూపించరో నాకు ఇప్పటికీ అంతుపట్టదు, పరికరం వాళ్ల డాష్‌బోర్డు మీదే వేలాడుతుంటుంది.

తర్వాత కంప్రెషన్ టెస్టు, లీక్‌డౌన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి ఎంత నిలుస్తుందో చూసేవి) చేయించండి. సుబారు పని తెలిసిన స్వతంత్ర షాపుకు వెళ్లండి, బాక్సర్ ఇంజిన్‌లో ప్లగ్గులు పక్కల మీద ఉంటాయి కాబట్టి తెలియనివాళ్లు విసుక్కుంటారు. ఒక్క సంఖ్య ఎంత ఉందన్నదాని కంటే నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఎంత ఉందన్నదే చూసేది. ఆయిల్ మార్చే సమయం దగ్గరపడి ఉంటే ఆ పాత ఆయిల్ చిన్న సీసాలో పట్టి ఇండియానాలోని బ్లాక్‌స్టోన్ ల్యాబొరేటరీస్ లాంటి చోటికి పంపండి. అందులో రాగి, సీసం, ఇనుము ఎంత ఉన్నాయో చెబుతారు. బేరింగులు అరుగుతుంటే అక్కడ తెలుస్తుంది. కొత్త ఆయిల్ పోసిన మర్నాడు తీసిన శాంపిల్ దేనికీ పనికిరాదు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ కాబట్టి పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీదుగా వెళ్లదు, వాటి మీద మసి పేరుకుంటుంది. 71,000 మైళ్లకు ఎప్పుడైనా శుభ్రం చేయించి ఉంటే ఆ బిల్లు తీయండి. చేయించకపోతే ఇప్పుడు అమ్మకం కోసం చేయించకండి. ‘చేయించలేదు’ అని రాయండి చాలు, కొనేవాడు బేరంలో కొన్ని వందలు తగ్గించుకుంటాడు.

విప్పే వరుసలో ఒక ప్రమాదం ఉంది. మీ ఇన్‌టేక్ గొట్టం వ్యాసం స్టాక్ దానికంటే తేడాగా ఉంటే, గాలిని కొలిచే సెన్సర్ లెక్క మారిపోతుంది. ట్యూన్ ఆ తేడాకు సరిపెడుతూ ఉంటుంది. ముందు ట్యూన్ తీసేసి, ఇన్‌టేక్ అలాగే ఉంచి నడిపితే కంప్యూటర్ గాలిని తప్పుగా లెక్కేసి పెట్రోలు తక్కువ పోయవచ్చు. టర్బో ఇంజిన్‌కు అంతకంటే చేటు లేదు. అందుకని స్టాక్ ఎయిర్ బాక్స్, డౌన్‌పైప్, బ్లో ఆఫ్ వాల్వ్ స్థానంలో ఉండాల్సిన కంపెనీ బైపాస్ వాల్వ్ అన్నీ బిగించాక, కారు కదిలించక ముందే యాక్సెస్‌పోర్ట్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడే పాత కంపెనీ ప్రోగ్రాం ఈసీయూ అనే ఇంజిన్ కంప్యూటర్‌లోకి తిరిగి వస్తుంది. ఆ పరికరం ఒకసారి ఒక కారుతో ముడిపడితే, ఆ ముడి విప్పేదాకా ఇంకో కారుకు పనిచేయదు. విప్పకుండా అమ్మితే కొన్నవాడు మర్నాడే మీ తలుపు తడతాడు. ముడి విప్పకుండా కారు అమ్మేస్తే అది ఇంకా చిక్కు, ఎందుకంటే విప్పడానికి మామూలుగా మళ్లీ ఆ కారే కావాలి.

అన్‌ఇన్‌స్టాల్ చేయగానే మానిటర్లు మొదటికి వస్తాయి. అవి మళ్లీ పూర్తయ్యేదాకా కొన్ని రోజులు హైవే మీద, ఊళ్లో మామూలుగా నడపండి. లేకపోతే కొనేవాడు ఇరవై డాలర్ల స్కానర్ గుచ్చి ‘సిద్ధంగా లేదు’ అన్న వరుస చూస్తాడు. తను వచ్చే ముందు మీరు కోడ్‌లు చెరిపేశారని తేల్చుకుంటాడు. ఆ తర్వాత మీరు చెప్పేది ఏదీ వినడు.

స్ట్రట్లు లేవని దిగులు పడకండి. కాయిలోవర్లు వేసుకున్న ప్రతివాడి గ్యారేజీలోనూ స్టాక్ స్ట్రట్లు దుమ్ము పట్టి ఉంటాయి. స్థలం ఖాళీ అయితే చాలనుకునేవాళ్ల దగ్గర చవకగా దొరుకుతాయి. బిగించాక అలైన్‌మెంట్ చేయించి ఆ కాగితం దాచండి.

భాగాల్లో ఏవి అమ్మాలి? చక్రాలు, కాయిలోవర్లు, వెనక ఎగ్జాస్ట్ నిశ్చింతగా అమ్మవచ్చు. యాక్సెస్‌పోర్ట్ విషయంలో మాత్రం అంత నిశ్చింత అని చెప్పలేను. వెనక ఎగ్జాస్ట్ క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాతి భాగం కాబట్టి ఉద్గారాల గొడవ లేదు. పెట్టిన దాంట్లో సగానికి కాస్త తక్కువ వస్తే మంచి బేరమనుకోండి. మీ జాబితాకు 2,000 పైచిలుకు రావాలి. ఇన్‌టేక్ మీద కాలిఫోర్నియా ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు (ఆ భాగానికి ఇచ్చిన ఉద్గారాల అనుమతి) ఉంటే దానికి గిరాకీ ఉంటుంది. ఆ డౌన్‌పైప్‌ను మాత్రం అమ్మకండి. ఇలాంటి భాగాన్ని బిగించడమే కాదు, అమ్మడం కూడా అదే ఫెడరల్ చట్టంలో నిషేధం. తుక్కుకు వేయండి. నాలుగు వందల డాలర్లు పోతే పోయాయి. బ్లో ఆఫ్ వాల్వ్ గురించి నా అభిప్రాయం అడగలేదు కానీ చెబుతాను. గాలిని ముందే కొలిచే ఈ కారులో ఆ గాలిని బయటికి వదిలితే, గేరు మార్చిన ప్రతిసారీ పెట్రోలు ఎక్కువ పడుతుంది. ఆ ‘ప్షూ’ శబ్దం తప్ప దానివల్ల మీకు ఒరిగింది ఏమీ లేదు.

ఇక దాచకపోవడం గురించి. స్టాక్‌కు మార్చిన కారును చూసే అలవాటు ఉన్న కళ్లు సులువుగా పట్టేస్తాయి. 71,000 మైళ్ల ఎగ్జాస్ట్ మీద మెరిసే కొత్త గాస్కెట్, తుప్పు బోల్టుల మధ్య రెంచి గీతలు, మైలేజీకి తగ్గట్టు అరగని స్ట్రట్లు. మీరు చెప్పకుండా ఇవి కనిపిస్తే, తర్వాత కనిపించే ప్రతి చిన్న లోపమూ మోసంగానే తోస్తుంది. ముందే చెప్పి ఉంటే అవే ఆనవాళ్లు మీ మాటకు సాక్ష్యం పలుకుతాయి. చట్టం సంగతి కూడా గుర్తుంచుకోండి. ‘ఉన్నది ఉన్నట్టు’ అని రాసుకున్న అమ్మకపు కాగితం మీకు తెలియని లోపాల నుంచి మిమ్మల్ని కాపాడుతుంది. అడిగినప్పుడు తెలిసి అబద్ధం చెబితే అది కాపాడదు. ‘ఎప్పుడైనా ట్యూన్ చేశారా’ అన్న ప్రశ్నకు ‘లేదు’ అని మెసేజీలో రాసి, నాలుగు నెలల తర్వాత ఇంజిన్ పోతే, ఆ మెసేజీ కోర్టులో మీకు ఎదురు నిలుస్తుంది.

కాబట్టి ప్రకటన ఇలా సాగాలి. సంవత్సరం, మైళ్లు, మీరు ఎన్నో యజమాని. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు స్టేజ్ 2 ట్యూన్ మీద నడిచింది, ఆ మ్యాప్ (ట్యూన్ ప్రోగ్రాం) కంపెనీ రెడీమేడ్‌దా, ట్యూనర్ ప్రత్యేకంగా రాసిందా, ఎప్పుడూ 93 ఆక్టేన్ పెట్రోలే పోశారా. ఎప్పుడు స్టాక్‌కు మార్చారు, ఎవరు మార్చారు. లాగ్‌లు, కంప్రెషన్ సంఖ్యలు, ఆయిల్ నివేదిక అడిగితే ఇస్తారని. క్లచ్ అదేనా, మార్చిందా. ఏ గీత ఎక్కడుందో. ‘కొట్టలేదు, తొక్కలేదు, ముసలమ్మ నడిపినట్టు నడిపాను’ లాంటి మాటలు వద్దు. స్టేజ్ 2 వేయించుకున్న విద్యార్థి నెమ్మదిగా నడిపాడంటే నమ్మేవాడు భూమ్మీద లేడు. ‘ఆయిల్ వేడెక్కాకే తొక్కాను, 6,000 మైళ్లకు ముందే ఆయిల్ మార్చాను, ఇవిగో బిల్లులు’ అనండి. ఫొటోల్లో ఇంజిన్ బే, నాలుగు టైర్ల లోతు, కింది భాగం ఉండాలి. రాత్రి పార్కింగ్ లాట్లో నీలం లైట్ల కింద తీసిన ఫొటోలు తీసేయండి, అవి కారు కంటే మీ గురించి ఎక్కువ చెబుతున్నాయి.

ధర విషయానికి వస్తే, ముందు పాత కార్లు కొనే కార్‌మ్యాక్స్, కార్వానా లాంటి సంస్థల దగ్గర స్టాక్ స్థితిలో లిఖితపూర్వక ఆఫర్ తీసుకోండి. అది మీ నేల, అంతకంటే కిందికి ఎవరికీ ఇవ్వనక్కర్లేదు. తర్వాత అమ్ముడైన కార్ల ధరలు చూడండి, ప్రకటనల్లోని ధరలు కాదు. కార్స్ అండ్ బిడ్స్ లాంటి వేలాల్లో ముగింపు ధరలు అందరికీ కనిపిస్తాయి. మీ కారు వివరాలకు స్టాక్‌లో, ఈ కాగితాలతో, 19,500కు పెట్టి 18,500 దగ్గర ఆగడం సబబని నా అంచనా. దానికి భాగాల మీద వచ్చే 2,000 కలపండి, పనికి అయిన ఖర్చు తీసేయండి. ఇప్పుడున్న స్థితిలో ఎంత బేరమాడినా మీకు 16,500 దాటి వస్తుందని నేననుకోను. మీ దగ్గర ఆరు వారాలే ఉన్నాయి. నాలుగో వారం చివరికి అమ్మకపోతే ఆ లిఖిత ఆఫర్ మళ్లీ తీసుకొని ఇచ్చేయండి. అలాంటి ఆఫర్లు సాధారణంగా వారం రోజులే చెల్లుతాయి.

టెస్ట్ డ్రైవ్‌కు డబ్బు చేతిలో పెట్టమనడం కొందరి పద్ధతి. నేనైతే దానికంటే లైసెన్సు, ఇన్సూరెన్స్ కార్డు ఫొటో తీసుకొని, అప్పు ఆమోదం వచ్చిందో లేదో అడుగుతాను. సరదా రౌండుకు వచ్చేవాళ్లు అక్కడితోనే ఆగిపోతారు. మొదట మీరు నడపండి, అతను పక్కన కూర్చోవాలి. తర్వాత అతనికి ఇవ్వండి. మాన్యువల్ నడపడం నిజంగా వచ్చా అని సిగ్గుపడకుండా అడగండి, మీ క్లచ్ మీద నేర్చుకోవడానికి వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లు వచ్చే ముందు ఇంజిన్ వేడి చేసి ఉంచకండి. తెలిసినవాడు ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాడు, వెచ్చగా ఉంటే చల్లటి ఇంజిన్ శబ్దం దాస్తున్నారనుకుంటాడు. కొనేవాడు తనకు నచ్చిన షాపులో, తన ఖర్చుతో తనిఖీ చేయించుకుంటానంటే వెంటనే ఒప్పుకోండి.

అప్పు ఉంది కాబట్టి టైటిల్ (కారు యాజమాన్య పత్రం) బ్యాంకు దగ్గరే ఉంటుంది. బ్యాంకుకు ఫోను చేసి పది రోజుల పేఆఫ్ (అప్పు పూర్తిగా తీరడానికి కట్టాల్సిన) మొత్తం రాతలో అడగండి. అది మీ ఖాతాలో కనిపించే బాకీ కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, వడ్డీ కలుస్తుంది. మీ బ్యాంకుకు ఊళ్లో శాఖ ఉంటే కొనేవాణ్ని అక్కడికే రమ్మనడం అన్నిటికంటే మేలు. 9,000 నేరుగా అప్పుకు, మిగతాది మీకు. శాఖ లేకపోతే, వీలైతే ముందే అప్పు తీర్చి టైటిల్ చేతికి తెచ్చుకోండి. టైటిల్ లేకుండా డబ్బిచ్చేవాళ్లు తక్కువ. క్యాషియర్ చెక్కు (బ్యాంకే రాసిచ్చే చెక్కు) ఇస్తానంటే అది ఏ బ్యాంకుదో ఆ శాఖలోనే, మీ కళ్ల ముందే రాయించాలి. ఆదివారం సాయంత్రం చెక్కు చేతిలో పెట్టి కారు తీసుకెళ్తానంటే వద్దనండి. నకిలీ చెక్కులు మీ ఖాతాలో జమైనట్టు కనిపించి, రోజుల తర్వాత వెనక్కి వెళ్తాయి.

టెక్సస్ కాగితాలు పెద్ద కష్టం కాదు. టైటిల్ వెనక సంతకం, తేదీ, ఓడోమీటర్ సంఖ్య. టైటిల్ దరఖాస్తు అయిన 130-యూ ఫారం మీద ఇద్దరి సంతకాలు, అమ్మిన ధర. ఇద్దరూ కలిసి కౌంటీ ట్యాక్స్ ఆఫీసుకు వెళ్లి అక్కడే బదిలీ పూర్తి చేయడం నా సలహా. పన్ను తగ్గించుకోవడానికి తక్కువ ధర రాయమని అడుగుతారు, రాయకండి. ఆరుంపావు శాతం పన్నును లెక్కించే కనీస విలువ రాష్ట్రం దగ్గర ముందే ఉంటుంది, కాబట్టి అతనికి పెద్దగా లాభం లేదు, మీరు మాత్రం అబద్ధపు పత్రం మీద సంతకం పెట్టినవారవుతారు. అమ్మే లోపే మీరు కాలిఫోర్నియా వెళ్లాల్సి వస్తే నమ్మకమైన స్నేహితుడి పేర వీటీఆర్-271 ఫారం మీద పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వవచ్చు. ఆ స్నేహితుడే కారు కొనుక్కునేవాడు కాకూడదు.

కారును వెంట తీసుకెళ్తే ఎలా ఉంటుందని చివర్లో ఒక వాక్యం రాశారు. మాడిఫై స్థితిలో ఆ ఆలోచన మానుకోండి. కాలిఫోర్నియాలో రిజిస్టర్ చేయాలంటే స్మాగ్ (ఉద్గారాల) తనిఖీ ఉంటుంది, అక్కడ బానెట్ ఎత్తి చూస్తారు. 2021 జూలై నుంచి ఈసీయూలో ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీదేనా అని కూడా పరీక్షిస్తున్నారు. పైగా అక్కడి బంకుల్లో సాధారణంగా దొరికేది 91 ఆక్టేన్, మీ ట్యూన్ 93కు రాసింది. హైదరాబాద్‌కు పంపే మాట అయితే అసలే వద్దు. ఎడమ స్టీరింగు, మూడేళ్లు దాటిన పాత కారు, రెండింటికీ అక్కడి దిగుమతి నిబంధనలు ఒప్పుకోవు.

ఈ కారు అమ్మి, ఇంకోటి కొని బాగుచేసి అమ్మితే లాభమా అన్న మీ స్నేహితుడి ప్రశ్నకు ఒక్క మాట. సొంత కారు అమ్ముకోవడం వేరు, లాభం కోసం కొని అమ్మడం వేరు. టెక్సస్‌లో ఏడాదికి నాలుగు దాటితే డీలర్ లైసెన్సు కావాలి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు నాలుగు దాకా వెళ్లకముందే అది అనుమతి లేని పని కిందికి రావచ్చు. కాలేజీలో అంతర్జాతీయ విద్యార్థుల సలహాదారును అడగకుండా అటు అడుగు వేయవద్దని చెప్పండి.

అమ్మిన రోజే నంబరు ప్లేట్లు, అద్దం మీది స్టిక్కర్ తీసేసుకోండి. ముప్పై రోజుల్లోపు వాహన బదిలీ నోటీసు ఆన్‌లైన్‌లో ఇవ్వండి. అది ఇచ్చాకే ఇన్సూరెన్స్ రద్దు చేయండి. టోల్‌ట్యాగ్‌ను అద్దం మీంచి మరిచిపోకుండా పీకేయండి, లేకపోతే కొత్త యజమాని డాలస్ టోల్ రోడ్ల మీద తిరిగినన్నాళ్లూ బిల్లు శాన్‌హోసేలో మీ ఖాతా నుంచే కట్ అవుతుంది.